కుటుంబానికి సరిపడే చురుకైన డీజిల్ వ్యాగన్: ఆక్టేవియా ఆర్‌ఎస్ కాంబీయా, 330డీ టూరింగా?

ప్రశ్న: లుడ్విగ్స్‌బుర్గ్ వాసి

అందరికీ నమస్కారం. మేము జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్కనున్న లుడ్విగ్స్‌బుర్గ్‌లో ఉంటున్నాం. ఉద్యోగరీత్యా నేను వారానికి మూడు రోజులు కార్ల్స్‌రూయెకు కారులో వెళ్లి రావలసి ఉంటుంది. రానూ పోనూ దాదాపు నూట యాభై కిలోమీటర్లు. దీనికి తోడు ఏటా రెండుసార్లు ఆస్ట్రియా మీదుగా ఉత్తర ఇటలీ దాకా ప్రయాణిస్తాం. మొత్తం కలిపితే సంవత్సరానికి 25,000 కిలోమీటర్లు తప్పక అవుతుంది. పిల్లలిద్దరిలో చిన్నవాడు ఇంకా వెనక్కి తిరిగి ఉండే సీటులోనే కూర్చుంటున్నాడు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు పెద్ద సూట్‌కేసులు నాలుగు డిక్కీలో పట్టాలి.

ఇంతమందికీ ఎస్‌యూవీయే మేలని స్నేహితులు అంటున్నారు. ఎత్తైన బండి వంపుల్లో ఒరగడం నాకు నచ్చదు. అందుకే పాత బండ్లలో స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కాంబీ, ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీడీ వేరియంట్, బీఎండబ్ల్యూ 330డీ టూరింగ్‌లను చూస్తున్నాను, మూడూ డీజిల్‌వే, పైకప్పు వెనుక డిక్కీ దాకా సాగే వ్యాగన్లే. నా సందేహాలు రెండు. డీజిల్ వ్యాగన్‌కు స్పోర్ట్స్ బండి గుణం నిజంగా ఉంటుందా, లేక అది బ్యాడ్జీకే పరిమితమా? స్టుట్‌గార్ట్‌లో డీజిల్ బండ్లపై ఆంక్షలున్న ఈ రోజుల్లో ఇప్పుడు డీజిల్ కొనడం తెలివైన పనేనా?

సమాధానం: ఉల్మ్ నుంచి

నమస్కారమండీ. మూడో తరం ఆక్టేవియా ఆర్‌ఎస్ కాంబీ డీజిల్‌ను ఆరేళ్లుగా నడుపుతున్నాను కనుక మీ మొదటి ప్రశ్నకు అనుభవంతోనే జవాబు చెప్పగలను. అది బ్యాడ్జీ మాత్రమే కాదు. అయితే పెట్రోలు ఆర్‌ఎస్ ఇచ్చే ఉత్సాహాన్ని దాని నుంచి ఆశించకూడదు. ఆ తరం తొలి పెట్రోలు ఆర్‌ఎస్‌కు 220 పీఎస్ (అశ్వశక్తి) శక్తి, 350 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఉండగా, డీజిల్‌కు శక్తి 184 పీఎస్సే అయినా టార్క్ 380 న్యూటన్ మీటర్లు ఉంటుంది. ఆ టార్క్ నిమిషానికి 1,750 భ్రమణాల దగ్గరే చేతికి వస్తుంది. ఏ8 రహదారిపై స్వేబియన్ ఆల్బ్ కొండ ఎక్కేటప్పుడు లారీల వెనుక వేగం పడిపోయినా, డిక్కీ నిండా సామానుతో, నలుగురు మనుషులతో ఉన్నా, ఎడమ వరుసలోకి వచ్చి కాలు కాస్త నొక్కితే చాలు, గేర్లు వరుసగా దించే అవసరం లేకుండా బండి ముందుకు సాగిపోతుంది. కుటుంబంతో వెళ్లేటప్పుడు మనకు కావలసిన చురుకుదనం అదేనని నా నమ్మకం. నాలుగు వేల భ్రమణాలు దాటాక మాత్రం ఇంజిన్‌కు ఊపిరి అందదు. దాన్ని చివరిదాకా లాగించడంలో ఆనందమూ లేదు, ప్రయోజనమూ లేదు. డీజిల్ ఇంజిన్ బరువు ముందు భాగంలో ఉండటం వల్ల, బిగువైన వంపుల్లో ముక్కు తిప్పడానికి పెట్రోలు బండి చూపినంత తొందర ఇది చూపదు.

చక్రాల విషయం చాలామంది పట్టించుకోరు, కానీ కుటుంబంలో గొడవలకు కారణమయ్యేది అదే. ఆర్‌ఎస్‌కు 19 అంగుళాల చక్రాలు ఉంటే టైరు కొలత 225/35 అవుతుంది, అంటే టైరు పక్కగోడ ఎత్తు 225 మిల్లీమీటర్ల వెడల్పులో 35 శాతం, 79 మిల్లీమీటర్లే. 18 అంగుళాలకు 225/40 వేస్తే ఆ ఎత్తు 90 మిల్లీమీటర్లు. ఆ పదకొండు మిల్లీమీటర్ల రబ్బరు వెనుక సీటులో నిద్రపోయే పిల్లలకు ఎంత తేడా చూపుతుందో నేను స్వయంగా చూశాను. మొదట 19 అంగుళాలవి ఉండేవి, రెండో ఏడాదే మార్చేశాను.

నాది ముందు చక్రాలతో నడిచే బండి. వానలో ముందు టైర్లు ఆ టార్క్‌ను మోయలేక జారుతుంటాయి. 2015 నుంచి డీజిల్ ఆర్‌ఎస్‌ను నాలుగు చక్రాల డ్రైవ్‌తోనూ అమ్మారు. మీరు ఆల్ప్స్ వైపు వెళ్తారు కనుక అదే వెతకండి. గోల్ఫ్ జీటీడీ వేరియంట్‌లోనూ ఇదే ఇంజిన్ ఉంటుంది, డిక్కీ కూడా 605 లీటర్లతో ఆక్టేవియా 610 లీటర్లకు దాదాపు సమానమే. అయితే వెనుక సీటులో కాళ్లు చాపుకునే చోటు ఆక్టేవియాలోనే ఎక్కువ.

సమాధానం: మ్యూనిక్ ఇంజనీరు

పై సభ్యులు చెప్పినదంతా నిజమే. అయితే ఏ బండి అన్నదానికి ముందు ఏ ఉద్గార శ్రేణి (పొగలోని కాలుష్యానికి ఐరోపా పెట్టిన యూరో ప్రమాణాల్లో ఏ మెట్టు) అన్నది తేల్చుకోవాలి. స్టుట్‌గార్ట్‌లో 2019 జనవరి 1 నుంచి యూరో 4, అంతకు ముందరి డీజిల్ బండ్లకు ప్రవేశం లేదు. 2020లో నగరంలోని కొంత ప్రాంతంలో యూరో 5 బండ్లనూ ఆపారు. యూరో 6 బండ్లకు ఆ ఆంక్షలు వర్తించవు. కానీ యూరో 6 అంటే అంతా ఒకటే కాదు. ప్రయోగశాలలో నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి కిలోమీటరుకు 80 మిల్లీగ్రాములన్నది మొదటి నుంచీ ఉన్నదే అయినా, తొలినాటి బండ్లకు రోడ్డు మీద పాటించి తీరాల్సిన పరిమితి ఏదీ లేదు. యూరో 6డీ-టెంప్ వచ్చాకే రోడ్డు మీద కొలత తప్పనిసరి అయింది, అప్పుడు అనుమతించిన గరిష్ఠం 168 మిల్లీగ్రాములు; యూరో 6డీలో దాన్ని 114కు తగ్గించారు. రిజిస్ట్రేషన్ పత్రం మొదటి భాగంలో 14వ గడి చూస్తే బండి ఏ శ్రేణిదో తెలుస్తుంది. అమ్మేవారి నోటిమాటను నమ్మవద్దు.

ఇందుకే మీ డబ్బు అనుమతిస్తే నాలుగో తరం ఆక్టేవియా ఆర్‌ఎస్ చూడమంటాను. దానిలో 200 పీఎస్, 400 న్యూటన్ మీటర్లు, 640 లీటర్ల డిక్కీ ఉన్నాయి. నాకు వీటన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే యూరియా ద్రవం యాడ్‌బ్లూను పొగలో రెండు చోట్ల చల్లే ఏర్పాటు. ఇంజిన్‌కు ఆనుకుని ఉన్న మొదటి ఉత్ప్రేరకం బండి కదిలిన కొద్దిసేపటికే వేడెక్కి పని మొదలుపెడుతుంది. ఆటోబాన్‌పై (జర్మనీ హైవేపై) వేగంగా పోయేటప్పుడు అక్కడ వేడి మరీ ఎక్కువై దాని సామర్థ్యం తగ్గితే, పొగ కొంత చల్లబడి చేరే నేల కింది రెండో ఉత్ప్రేరకం ఆ పని అందుకుంటుంది. వేగంగా నడిపే డీజిల్‌కు ఇది అవసరమైన ఏర్పాటు.

మరో మాట బాధతోనే చెబుతున్నాను. నా మొదటి డీజిల్ వ్యాగన్‌ను తక్కువ కిలోమీటర్లు తిరిగిందన్న ఒక్క కారణంతో కొన్నాను. పాత యజమాని దాన్ని రోజూ ఊళ్లోనే నాలుగైదు కిలోమీటర్లు తిప్పేవారని తరువాత తెలిసింది. మసి ఫిల్టరు తనను తాను కాల్చి శుభ్రం చేసుకోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి, కొంతసేపు ఆగకుండా సాగే ప్రయాణం కావాలి. ఆ అవకాశం దొరకని ఫిల్టరు మూసుకుపోయింది, మధ్యలో ఆగిపోయిన ప్రయత్నాల వల్ల డీజిల్ వెళ్లి ఇంజిన్ ఆయిల్‌లో కలిసింది. నాలుగేళ్ల వయసులో 30,000 కిలోమీటర్లు తిరిగిన డీజిల్ కంటే, ఆటోబాన్ మీద 1,20,000 తిరిగినదే నాకు నమ్మకమైనది. మీ కార్ల్స్‌రూయె ప్రయాణం డీజిల్‌కు సరిగ్గా సరిపోతుంది. కానీ మిగతా నాలుగు రోజులూ దాన్ని బడికి, కూరగాయలకు మాత్రమే తీయకండి.

సమాధానం: ఆరు సిలిండర్లు

330డీ తరఫున నేను మాట్లాడాలి. ఎఫ్31 అనే తరంలో మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ 258 పీఎస్, 560 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. ఆక్టేవియాలో మీరు లారీని దాటాలని నిర్ణయించుకుని దాటుతారు, ఇందులో దాటేశాక గమనిస్తారు. ఆ ఇంజిన్ నున్నదనం నాలుగు సిలిండర్లలో దొరకదు. వెనుక చక్రాలు నెట్టడం వల్ల స్టీరింగ్‌లో వచ్చే స్వచ్ఛత కూడా దొరకదు. డిక్కీ తలుపు తెరవకుండా వెనుక అద్దాన్ని మాత్రమే తెరిచి సంచి పడేసే సౌకర్యాన్ని మా ఇంట్లో రోజూ వాడుకుంటాం.

అయినా మీ అవసరాలకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేయలేను. డిక్కీ 495 లీటర్లే, నాలుగు పెద్ద సూట్‌కేసులు పడుకోబెట్టి సర్దడం కష్టం. ఇంజిన్‌ను బండి పొడవు దిశలో అమర్చి వెనుక చక్రాలకు శక్తి పంపడం వల్ల నేల మధ్యలో ఎత్తైన సొరంగం ఉంటుంది. వెనక్కి తిరిగిన బాల సీటు పెడితే ముందు సీటులో కూర్చున్నవారి మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు తగులుతాయి. ఏటా కట్టే బండి పన్ను లెక్క కూడా చూడండి: డీజిల్‌కు ప్రతి 100 ఘన సెంటీమీటర్లకు 9.50 యూరోల చొప్పున ఆక్టేవియా రెండు లీటర్ల ఇంజిన్‌కు 190, 330డీకి 285 యూరోలు. కార్బన్ డయాక్సైడ్ భాగం దీనికి అదనం. అదే రెండు లీటర్ల పెట్రోలుకు ఇంజిన్ భాగం 40 యూరోలే. అయితే ఇంధన పన్ను లీటరు పెట్రోలుపై 65.45 సెంట్లు, డీజిల్‌పై 47.04 సెంట్లు. ఏడాదికి 25,000 కిలోమీటర్లు తిరిగేవారికి ఆ తేడాతోనూ, డీజిల్ తక్కువ తాగడంతోనూ పన్ను భారం తీరి ఇంకా మిగులుతుంది.

లుడ్విగ్స్‌బుర్గ్ వాసి

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. 330డీని బాధతోనే పక్కన పెడుతున్నాను. మా ఆవిడ మోకాళ్ల సంగతి చదివిన తరువాత ఇక చర్చకు తావు లేకపోయింది. ఆటోబాన్ మీద 95,000 కిలోమీటర్లు తిరిగిన నాలుగో తరం ఆక్టేవియా ఆర్‌ఎస్ కాంబీ, నాలుగు చక్రాల డ్రైవ్‌ది, హైల్‌బ్రోన్ దగ్గర అమ్మకానికి ఉంది. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే నా ఎదుట స్టార్టు చేయాలని, 14వ గడి ఫొటో ముందుగానే పంపాలని అడిగాను. రెండింటికీ వారు ఒప్పుకున్నారు. శనివారం పిల్లవాడి సీటు, రెండు సూట్‌కేసులు వెంట తీసుకుని వెళ్తున్నాం. చక్రాలు మాత్రం 19 అంగుళాలవే ఉన్నాయట. బేరం కుదిరితే 18 అంగుళాలవి ఇప్పించమని అడుగుతాను.