గాలిమర బాగానే తిరుగుతోంది, బ్యాటరీ మాత్రం ఛార్జ్ కావట్లేదు. తప్పెక్కడ?

ప్రశ్న: అందరికీ నమస్కారం. రెండు నెలలుగా ఇంట్లో చిన్న గాలిమర కోసం తంటాలు పడుతున్నాను. పీవీసీ పైపు కోసి మూడు రెక్కలు చేశాను, తిరిగేటప్పుడు ఏర్పడే చక్రం వ్యాసం ఒక మీటరు వస్తుంది. పాత మెషీన్‌లోంచి తీసిన 24 వోల్టుల డీసీ మోటారుకి వాటిని బిగించి, డాబా పిట్టగోడకు ఇనప పైపు కట్టి నిలబెట్టాను. గాలి వస్తే చూడముచ్చటగా తిరుగుతోంది కానీ మల్టీమీటర్ 3 వోల్టులు దాటట్లేదు. 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే ఇంకా విచిత్రం, గాలి లేకపోయినా ఫ్యానులా తిరుగుతోంది! రెక్కలు పొడుగు చేయమంటారా?

జవాబు: రెక్కల జోలికి వెళ్లకండి. పొడుగు చేస్తే చుట్లు తగ్గి వోల్టేజీ ఇంకా పడిపోతుంది. మోటారు మీద చీటీ చూడండి, 24 వోల్టుల పక్కన ఆర్‌పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, ఎంతుంది?

ప్రశ్న: 3000 అని ఉందండీ.

జవాబు: అదే అసలు సంగతి. ఆ మోటారు 24 వోల్టులు ఇవ్వాలంటే నిమిషానికి దాదాపు 3000 చుట్లు తిరగాలి. మూడు రెక్కల గాలిమరలో రెక్క కొస సుమారుగా గాలికి ఐదు రెట్ల వేగంతో పోతుంది, అంటే సెకనుకు 4 మీటర్ల గాలిలో కొస వేగం 20 మీటర్లు, మీ మీటరు చక్రానికి అది నిమిషానికి 380 చుట్లు. 380 చుట్లకు ఆ మోటారు ఇచ్చేది 3 వోల్టులే, మీ మల్టీమీటర్ నిజమే చెప్పింది. 12 వోల్టుల బ్యాటరీలోకి కరెంటు ఎక్కాలంటే 13 వోల్టులైనా దాటాలి. 300 చుట్ల దగ్గరే అంత ఇచ్చే, లోపల శాశ్వత అయస్కాంతాలున్న మోటారు వెతకండి. మామూలు సీలింగ్ ఫ్యాను మోటారు తెచ్చుకోకండి, అందులో అయస్కాంతాలు ఉండవు. ఏది దొరికినా ముందు డ్రిల్లుకు తగిలించి నెమ్మది స్పీడులో తిప్పుతూ వోల్టేజీ చూడండి, ఐదు నిమిషాల పని, నెలల శ్రమ మిగులుతుంది.

గాలి లేకుండా తిరగడానికి కారణం, బ్యాటరీయే మోటారును నడుపుతోంది. మధ్యలో కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ పెడితే కరెంటు వెనక్కి రాదు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు కూడా తప్పకుండా పెట్టండి.

ప్రశ్న: ఇదే మోటారుకి బెల్టు వేసి స్పీడు పెంచితే? పైగా ఎంత కరెంటు ఆశించొచ్చు?

జవాబు: ఐదు రెట్లు పెంచే బెల్టు వేస్తే చిన్న గాలికి చక్రం కదలనే కదలదు, బలమంతా రాపిడికే పోతుంది. నేనైతే మోటారే మారుస్తాను. ఇక కరెంటు సంగతి, గాలిలో ఉన్న శక్తిలో 59.3 శాతానికి మించి ఏ గాలిమరా లాగలేదు, ఇంట్లో చేసినదానికి 30 శాతం వస్తే చాలా బాగా చేసినట్టు. ఆ లెక్కన మీ చక్రానికి 4 మీటర్ల గాలిలో 9 వాట్లు, అదే 8 మీటర్ల గాలిలో 74 వాట్లు. గాలి రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు అవుతుంది, అందుకే రెక్కలు చెక్కడం కన్నా ముందు మంచి గాలి తగిలే చోటు చూసుకోవాలి. పిట్టగోడ దగ్గర గాలి సుళ్లు తిరుగుతుంది, పైగా ఆ వణుకు ఇంటి గోడల్లోకి దిగుతుంది. వీలైతే విడిగా స్తంభం వేసి, చుట్టుపక్కల 150 మీటర్లలో ఉన్న చెట్ల కన్నా, ఇళ్ల కన్నా 10 మీటర్లు పైకి ఎత్తండి.

ఒక్కటి మాత్రం దయచేసి మర్చిపోకండి. బ్యాటరీ నిండాక గాలిమర వైరు తీసేయకూడదు. నేను తెలియక సోలార్‌కి వాడే కంట్రోలర్ పెట్టాను, బ్యాటరీ నిండగానే అది లైను తెంచేసింది, కరెంటు లాగే లోడు లేక చక్రం పిచ్చి వేగం అందుకుని ఒక రెక్క ఊడి నీళ్ల ట్యాంకు మూతలో దిగబడింది. మిగతా రెండు దించి చూస్తే బోల్టు రంధ్రాల చుట్టూ పీవీసీ తెల్లగా పాలిపోయి, వెంట్రుకంత పగుళ్లు కనిపించాయి. ఆ పూట పైన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. నిండాక మిగిలిన కరెంటును హీటర్ తీగలోకి మళ్లించే డంప్ లోడ్ కంట్రోలర్ వాడండి. దించేటప్పుడు గాలి తగ్గాక మోటారు రెండు వైర్లూ ఒకదానికొకటి కలపండి, బ్రేకు పడ్డట్టు నెమ్మదిస్తుంది. అయితే ముందు బ్యాటరీ వైపు వైరు విడదీసి, ఆ తర్వాతే కలపండి. రెక్కలు తిరిగే వరసలో ఎప్పుడూ నిలబడొద్దు.

ప్రశ్న: ఇప్పుడే వెళ్లి నా రెక్కలు చూశానండీ, ఒకదానికి రంధ్రం దగ్గర తెల్ల గీత ఉంది. మూడూ దించేశాను. వేరే మోటారు దొరికితే డ్రిల్లుతో తిప్పి రీడింగు ఇక్కడే పెడతాను.