దీవిలో గట్టి ఇల్లు ఉంటే హరికేన్‌కి ఖాళీ చేయాలా, అక్కర్లేదా?

లంకగాలి:
ఏటా జూన్‌లో సీజన్ మొదలవగానే వచ్చే తగువే ఇది. ఫ్లోరిడా పడమటి తీరాన శానిబెల్ లాంటి దీవిలో ఇల్లుంది అనుకుందాం. కాంక్రీటు దిమ్మెల గోడలు, గాలికి ఎగిరొచ్చినవి తగిలినా తట్టుకునే ఇంపాక్ట్ కిటికీలు, ఇనప పట్టీలతో గోడకి బిగించిన పైకప్పు. హరికేన్ బలాన్ని 1 నుంచి 5 దాకా చెప్పే కొలతలో కేటగిరీ 3 దాకా ఆ ఇల్లు వదలకూడదని నా వాదన. రోడ్డెక్కడమే ప్రాణం మీదకి తెచ్చిన సందర్భాలున్నాయి. 2005లో రీటా హరికేన్ వస్తోందని టెక్సస్‌లోని హ్యూస్టన్ జనం ఒక్కసారిగా కదిలారు. ఎండలో గంటల తరబడి ట్రాఫిక్, పెట్రోలు అయిపోయిన కార్లు. వృద్ధాశ్రమం వాళ్ళని తీసుకెళ్తున్న బస్సు డల్లాస్ దగ్గర తగలబడి 23 మంది పోయారు. 2017లో ఇర్మాకి ఫ్లోరిడాలో దాదాపు 65 లక్షల మందిని ఖాళీ చేయమన్నారు. అందులో నిజంగా కదలాల్సినవాళ్ళు ఎందరు?

మెరకనేల:
మీరు కేటగిరీని కొలబద్ద చేసుకున్నారు, తేడా అక్కడే వస్తోంది. సఫిర్-సింప్సన్ కేటగిరీ చెప్పేది గాలి వేగం ఒక్కటే. ఒకప్పుడు ఆ పట్టికలో ఉప్పెన ఎత్తులూ ఉండేవి. రెంటికీ పొంతన కుదరక 2010లో తీసేశారు. 2008లో ఐక్ హరికేన్ టెక్సస్‌లోని గాల్వెస్టన్ దగ్గర తీరం తాకినప్పుడు కేటగిరీ 2 మాత్రమే, కానీ పక్కనే ఉన్న బొలివర్ ద్వీపకల్పం మీదకి 15 నుంచి 20 అడుగుల నీళ్ళొచ్చాయి. 2005లో కత్రినా తీరం తాకేసరికి కేటగిరీ 3, మిసిసిపీ తీరంలో ఉప్పెన 28 అడుగుల దాకా లేచింది. మీ లెక్క ప్రకారం ఈ రెండు చోట్లా జనం ఇళ్ళల్లోనే ఉండాలి.

ఫ్లోరిడా పడమటి వైపు సముద్రం చాలా దూరం వరకు లోతు లేదు. గాలి తోసిన నీటికి కిందికి పోయే దారి లేక ఒడ్డుకెక్కుతుంది. ఇక గోడ సంగతి. ఘనమీటరు సముద్రపు నీరు వెయ్యి కిలోల పైమాటే. అలలు గోడని బాదుతుంటే, వెనక్కి మళ్ళే నీరు పునాది కింద ఇసుకని లాగేస్తుంది. నేల మీద పోసిన స్లాబ్ ముందు ఒక మూల కుంగుతుంది, గోడకి ఏటవాలు పగులు వస్తుంది, ఆపైన దిమ్మెలు విడిపోతాయి. అప్పటికీ మీ ఇంపాక్ట్ కిటికీ పగలకుండా ఉండొచ్చు, దాన్ని పట్టుకునే గోడే ఉండదు. 2022లో ఇయన్ హరికేన్ పోయాక శానిబెల్ పక్కనే ఉన్న ఫోర్ట్ మైయర్స్ బీచ్‌లో ఎన్నోచోట్ల పాత ఇళ్ళ నేల స్లాబులే మిగిలాయి.

లంకగాలి:
ఇయన్ సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. అది టాంపాకి వస్తుందని రోజుల తరబడి చెప్పారు. చివరికి దక్షిణాన కాయో కోస్టా దీవి దగ్గర తీరం తాకింది. టాంపా బే అనే అఖాతంలో నీరు పొంగడం అటుంచి వెనక్కి పోయి అడుగున ఉన్న నేల బయటపడింది. ఇలాంటి అంచనా నమ్మి ఎన్నిసార్లు పరిగెత్తాలి?

పోటునీరు:
అంచనా తప్పలేదు, మ్యాప్ చదవడంలో తప్పు జరిగింది. తుపాను కేంద్రం పోగల దారిని మ్యాప్‌లో శంఖాకారంలో చూపిస్తారు, అదే కోన్. దాని మధ్య గీత టాంపా వైపు ఉన్న రోజుల్లోనూ ఫోర్ట్ మైయర్స్ కోన్ అంచు దగ్గరే ఉంది. కోన్ అర్థం తుపాను కేంద్రం మూడింట రెండుసార్లు ఆ పరిధిలో ఉంటుందని మాత్రమే. మూడోసారి బయటికి పోవచ్చు. గాలి, నీరు ఎంత వెడల్పున తగులుతాయో అందులో ఉండదు. టాంపాలో నీరు వెనక్కి పోవడానికి కారణం తుపాను కన్ను, అంటే కేంద్రం, దక్షిణంగా దాటడం. ఉత్తరార్ధగోళంలో తుపాను కదిలే దిక్కుకి కుడివైపు గాలి నీటిని ఒడ్డుకి తోస్తుంది, ఎడమవైపు సముద్రంలోకి లాగుతుంది. టాంపా ఎడమవైపు పడింది. 2024లో మిల్టన్ హరికేన్ టాంపాకి దక్షిణాన సియెస్టా కీ దగ్గర దాటినప్పుడూ అంతే. కన్ను కాస్త ఉత్తరంగా దాటి ఉంటే బే నిండా నీరే.

మీరు చూడాల్సింది ఎవరు ముందు ఖాళీ చేయాలో A, B అంటూ చెప్పే మీ ఎవాక్యుయేషన్ జోన్ అక్షరం, ఇల్లు ఎంత ఎత్తులో ఉందో చెప్పే ఎలివేషన్ సర్టిఫికెట్‌లో అన్నిటికన్నా కింది అంతస్తు ఎత్తు, ఉప్పెన హెచ్చరికలో ‘నేల మీద ఇన్ని అడుగులు’ అనే అంకె. ఆ అంకెలో అలల ఎత్తు కలపరు. చాలామంది మరిచేది ఇదే.

కరకట్ట:
అన్ని దీవులకీ ఒకే మాట చెల్లదు. 2017లో మరియా హరికేన్ దెబ్బ తిన్న డొమినికా కొండల దీవి. అక్కడ ప్రాణాలు తీసినవి వాన వరదలూ, కొండచరియలూ. వాగు గట్టుకీ, కొండవాలు కిందికీ దూరంగా ఉన్న, గట్టి కాంక్రీటు కప్పున్న ఇల్లే అక్కడ ఆసరా. బహామాస్‌లో అబాకో, గ్రాండ్ బహామా పల్లపు సున్నపురాతి దీవులు. 2019 సెప్టెంబరు 1న డోరియన్ హరికేన్ గంటకి 295 కిలోమీటర్ల గాలితో అబాకోని తాకి, ఆపై గ్రాండ్ బహామా మీద ఒక రోజుకి పైగా దాదాపు కదలకుండా కూర్చుంది. 20 అడుగుల పైన నీరు. ఫ్రీపోర్ట్ విమానాశ్రయమూ ఆసుపత్రీ మునిగాయి. ముందే వెళ్ళనివాళ్ళకి పారిపోయే మెరకే లేదు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత మన తీరంలో కింద ఖాళీగా, స్తంభాల మీద షెల్టర్లు కట్టింది ఇందుకే. కోస్తా పల్లెకి అది సరిపోయింది. పల్లపు దీవులన్నిటిలోనూ అవి కట్టాలి.

లంకగాలి:
పల్లపు దీవి విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ రోడ్డు ప్రమాదానికి జవాబు రాలేదు. ఎప్పుడు బయల్దేరాలి, ఎంత దూరం పోవాలి?

పోటునీరు:
దూరం పది ఇరవై మైళ్ళు చాలు. జోన్ దాటి లోపల ఉన్న బంధువుల ఇల్లో, కౌంటీ (మన జిల్లా లాంటిది) నడిపే షెల్టరో. రీటాలో, ఇర్మాలో రోడ్లు నిండింది నీరు రాని చోటివాళ్ళూ వందల మైళ్ళు పరిగెత్తడం వల్ల కూడా. వేళ సంగతి: ఉప్పెన రావచ్చని చెప్పే ‘వాచ్’ సుమారు 48 గంటల ముందు, ప్రమాదం ఖాయమని చెప్పే ‘వార్నింగ్’ 36 గంటల ముందు వస్తాయి. గంటకి 39 మైళ్ళ గాలి ఎంత త్వరగా రావచ్చో చూపించే మ్యాప్ విడిగా ఉంటుంది. ‘రావచ్చు’ అన్న వేళ తీసుకోండి, ‘వచ్చే అవకాశం ఎక్కువ’ అన్నది కాదు. అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టి పగటిపూట బ్రిడ్జి దాటండి. ఇయన్‌కి శానిబెల్‌ని నేలతో కలిపే కాజ్‌వే రోడ్డు కొన్నిచోట్ల తెగిపోయింది. ఆ తర్వాత దీవికి పడవో హెలికాప్టరో తప్ప గతి లేదు. శానిబెల్ ఉన్న లీ కౌంటీలో ఖాళీ చేయమన్న ఆదేశం వచ్చింది ముందురోజు పొద్దునే. ఆదేశం కోసం కాచుకోకండి.

మెరకనేల:
ఒకటి కలుపుతా. బయల్దేరే ముందు మెయిన్ స్విచ్ ఆపండి, గ్యాస్ కట్టేయండి. ఎలక్ట్రిక్ కారుని గరాజ్‌లో వదలకండి. ఉప్పునీరు తాకిన బ్యాటరీ రోజుల తర్వాత కూడా అంటుకుంటుంది. ఎలాగో చిక్కుకుపోతే అటకలోకి ఎక్కకండి, పైకప్పు కోసుకుని బయటపడే దారి లేక కత్రినాలో అక్కడే పోయినవాళ్ళున్నారు.