‘స్వెల్’కి తెలుగులో ఏమందాం? కెరటమా, ఉప్పెనా, ఇంకేమైనానా?

అడిగినవారు:
అందరికీ నమస్కారం. మేం కొందరు మిత్రులం పాత ఇంగ్లీషు సినిమాలకి సొంతంగా తెలుగు సబ్‌టైటిల్స్ రాసుకుని చూస్తుంటాం. ఈసారి నా వంతుకి 1978లో జాన్ మిలియస్ తీసిన ‘బిగ్ వెడ్నెస్‌డే’ వచ్చింది. కాలిఫోర్నియాలో మాలిబూ తీరం. మాట్, జాక్, లీరాయ్ అని ముగ్గురు కుర్రాళ్ళు. పలక మీద నిలబడి కెరటాలపై సాగే సర్ఫింగు, ప్రేమలు, తాగుడు, కొట్లాటలు. మధ్యలో వియత్నాం యుద్ధం వచ్చిపడుతుంది. సంభాషణలు బాగానే నడుస్తున్నాయి. చిక్కంతా అధ్యాయాల పేర్లతోనే. కథని నాలుగు భాగాలు చేసి ఒక్కోదానికి ఒక స్వెల్ పేరు పెట్టాడు: 1962 వేసవికి సౌత్ స్వెల్, 1965 ఫాల్‌కి వెస్ట్ స్వెల్, 1968 చలికాలానికి నార్త్ స్వెల్, 1974 వసంతానికి గ్రేట్ స్వెల్. ‘దక్షిణ కెరటం’ అంటే ఏదో వారపత్రిక పేరులా ఉంది. నిఘంటువేమో ‘ఉబ్బు’ అంటోంది. కాలు బెణికినవాళ్ళకి పనికొచ్చే మాట అది. ఏం రాయమంటారు?

విశాఖపట్నం నుంచి:
పేరు తర్వాత, ముందు వస్తువేమిటో చూద్దామండీ. ఎక్కడో నడిసముద్రంలో తుఫాను గాలి నీటిని రేపుతుంది. అక్కడ చిన్నా పెద్దా అలలన్నీ కలగాపులగంగా ఉంటాయి. లోతు నీళ్ళలో పొడవాటి అలకి వేగం ఎక్కువ కాబట్టి, గాలి ప్రాంతం దాటేసరికి అవి చిన్నవాటిని వెనక వదిలేసి ఒక వరసలో పడతాయి. అలా రోజుల తరబడి వేల కిలోమీటర్లు వస్తాయి. దారిలో పడవ మీదున్నవాడికి నీరు నెమ్మదిగా లేచి దిగినట్టుంటుంది, అంతే. ఒడ్డు దగ్గరపడి లోతు తగ్గాక వేగం తగ్గుతుంది, ఎత్తు పెరుగుతుంది, విరుగుతుంది. మనం కెరటం విరిగింది అనేది అప్పుడు. అక్కడిదాకా వచ్చిందాన్ని స్వెల్ అంటారు.

మాలిబూ దక్షిణానికి తిరిగి ఉన్న తీరం. అక్కడ వేసవి అంటే భూమధ్యరేఖకి దిగువన చలికాలం, తుఫానుల కాలం. అవి పుట్టించిన అలలు పసిఫిక్ దాటి వచ్చేసరికి మాలిబూలో బళ్ళకి సెలవులు. అందుకే 1962 వేసవికి సౌత్ స్వెల్. ఆ కుర్రాళ్ళకి అదే పంచాంగం. దిక్కు గురించి బెంగ పడకండి. పడమటి గాలి అంటే మనకీ పడమట నుంచి వచ్చేదే కదా.

తెనాలి నుంచి:
అమరసింహుడు తన సంస్కృత నిఘంటువు అమరకోశంలో, నీటి మాటలున్న వారివర్గంలో భంగం, తరంగం, ఊర్మి, వీచి అని మామూలు అలల పేర్లు చెప్పి, వెంటనే ‘మహత్సూల్లోలకల్లోలౌ’ అన్నాడు. పెద్ద అలలకి ఉల్లోలం, కల్లోలం అని. కాబట్టి గ్రేట్ స్వెల్‌కి కల్లోలం అచ్చంగా సరిపోతుంది. ఇక చిన్న అల సంగతి పోతనగారు చూసుకున్నారు: ‘నిర్మల మందాకినీ వీచికలఁ దూఁగు రాయంచ’. ఆ ‘తూగు’ని వదలకండి. ‘సర్ఫింగ్ చేస్తున్నాడు’ అని నాలుగు సార్లు రాసే బదులు ఒకసారైనా ‘కెరటం మీద తూగుతున్నాడు’ అని రాయండి. స్వెల్‌కి ‘ఉద్వేలం’ కూడా పరిశీలించవచ్చు.

అడిగినవారు:
మాస్టారూ, తూగడం నాకు నచ్చింది, తీసేసుకుంటున్నాను. కానీ ‘కల్లోలం, 1974’ అని తెర మీద పడితే చూసేవాళ్ళు అల్లర్లు, కర్ఫ్యూ అనుకుంటారు. అమరుడి నాటి అర్థం ఇప్పుడెవరికి తెలుసు?

కాకినాడ నుంచి:
ఇంత ఆలోచన ఎందుకండీ, ‘ఉప్పెన’ అనేయండి. 2021లో ఆ పేరుతో సినిమా వచ్చాక ప్రేమా, సముద్రమూ రెండూ ఆ మాటలో కలిసిపోయాయి.

అవనిగడ్డ నుంచి:
1977 నవంబరు 19. మా దివిసీమలో వేల మందిని తీసుకుపోయింది ఉప్పెన. సినిమాకి ఎవరేం పేరు పెట్టుకున్నా నాకు పేచీ లేదు. కుర్రాళ్ళు పలక చంకన పెట్టుకుని నవ్వుతూ ఎదురెళ్ళే నీటికి మాత్రం ఆ మాట వద్దు. ఉద్వేలం మీదా అదే అభ్యంతరం. వేల అంటే చెలియలికట్ట. దాన్ని దాటిందే ఉద్వేలం. వీళ్ళ స్వెల్ చెలియలికట్ట దాటదు, ఇవతలే విరిగి ఆగుతుంది.

కొచ్చి నుంచి:
ఉద్యోగం వల్ల ఇక్కడున్నాను. మలయాళీలకి ‘కళ్ళక్కడల్’ అని ఒక మాట ఉంది. కళ్ళన్ అంటే దొంగ, కడల్ అంటే కడలే. ఒడ్డున గాలీ వానా ఏమీ లేకుండానే దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి స్వెల్ వచ్చి ఊళ్ళోకి నీళ్ళు తోసేస్తుంది. చెప్పకుండా వస్తుంది కాబట్టి దొంగ సముద్రం. ఇలాంటి హెచ్చరికలు చేసే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది మాత్రం సముద్రం లేని మన హైదరాబాదులో! సినిమాకి ఈ మాట పనికిరాదనుకోండి. సినిమాలో కుర్రాళ్ళు స్వెల్ కోసం రేడియో పెట్టుకుని ఎదురుచూస్తున్నట్టు బతుకుతారు; దొంగ కోసం ఎవరూ ఎదురుచూడరు.

కరీంనగర్ నుంచి:
మా దిక్కు సముద్రం లేకపాయె, చెరువు మత్తడి దుంకుడే మాకు తెల్సు. అయినా చెప్త. వాగు పొంగింది అంటం, పాలు పొంగినయ్ అంటం. లోపలికెళ్ళి లేచేదాన్ని పొంగు అనే అంటం గదా. ‘దక్షిణపు పొంగు’ అంటే ఏమైతది?

విశాఖపట్నం నుంచి:
అన్నా, దొరికింది. సముద్రం పొంగుతోంది అని మేమూ అంటాం. విరగడం కాదు, లేవడం ఆ మాటలో ఉంది.

రాజమండ్రి నుంచి:
పొంగు అంటే మా ఇళ్ళలో పిల్లలకి ఒంటి మీద పోసేది కూడానండోయ్. ఆ పైన ‘వయసు పొంగు’ అనగానే నాకు తెల్లచీర, కృత్రిమ వర్షం కనిపిస్తాయి. జాగ్రత్త.

అడిగినవారు:
ఆ రెండో భయమే నాకు లాభంగా తోస్తోంది. 1962 భాగమంతా వయసు పొంగే. జాక్, శాలీ దగ్గరయ్యేది అక్కడే. తర్వాత జాక్ సైన్యంలోకి వెళతాడు, తిరిగొచ్చి ఆమె ఇంటికి వెళ్ళేసరికి ఆమెకి వేరొకరితో పెళ్ళైపోయి ఉంటుంది. పెద్ద ఏడుపు సన్నివేశమేమీ లేదు. దీన్ని ప్రేమకథ అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ప్రేమ అందులో వచ్చిపోయే సంగతుల్లో ఒకటి, ముగ్గురి స్నేహమే అసలు కథ. కానీ సముద్రానికీ వయసుకీ ఒకే మాట పడితే, ఇంగ్లీషులో లేని జోడింపు మనకి ఊరికే వచ్చినట్టే. పొంగు ఖాయం చేస్తున్నాను. చివరిది ‘మహా పొంగు’ అనుకుంటున్నాను.

తెనాలి నుంచి:
వైరి సమాసం బాబూ! సంస్కృతపు మహాకి తెలుగు పొంగుని ముడిపెట్టకు. పెనుగాలి, పెనుబాము ఉన్నాయి కదా, ‘పెనుపొంగు’ అను. ఆ లెక్కన దక్షిణాన్ని కూడా తెంకణం చేసి ‘తెంకణపు పొంగు’ అంటే అచ్చతెలుగవుతుంది.

అడిగినవారు:
పెనుపొంగు అద్భుతం. తెంకణం వద్దు మాస్టారూ. పేరు తెర మీద ఉండేది కొన్ని క్షణాలే, ఆలోపు అర్థం కావాలి. దక్షిణపు పొంగు, పడమటి పొంగు, ఉత్తరపు పొంగు, పెనుపొంగు. సినిమా పేరు మాత్రం ఇంగ్లీషులోనే ఉంచుతున్నాను.

రాజమండ్రి నుంచి:
మంచి పని చేశారు. ‘పెద్ద బుధవారం’ అంటే మా వీధిలో అందరూ భస్మ బుధవారం ముందొస్తుందా ఇది ముందొస్తుందా అని అడుగుతారు.

అవనిగడ్డ నుంచి:
ఇంతకీ 1965 ఫాల్‌ని ఏం చేశారు? శిశిరం అని రాయకండి. మనకి ఆకులు రాలేది మాఘ ఫాల్గుణాల్లో, వాళ్ళకి సెప్టెంబరు దాటాక. ‘ఆకురాలు కాలం’ అందామన్నా, సముద్రపు ఒడ్డున ఇసకే గానీ రాలడానికి ఆకులేవి?

అడిగినవారు:
నెలలు కలుస్తాయి కాబట్టి ‘శరత్తు’ అని రాశాను. అభ్యంతరాలుంటే ఆదివారం లోపు చెప్పండి, ఆ సాయంత్రమే ప్రదర్శన.

కరీంనగర్ నుంచి:
శరత్తు అంటే మా దిక్కు బతుకమ్మ, దసర. యాది పెట్టుకోనీకె మంచిగనే ఉంటది. ఉంచుండ్రి.