ఐపీ ఫోన్లకు ప్రయారిటీ ఇచ్చినా మాట ముక్కలైతున్నది, స్విచ్‌లో ఏం సరిచేయాలె?

ప్రశ్న (హన్మకొండ):
ఆఫీసులో పై అంతస్తున 48 పోర్టుల గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకునే వీలున్నది) ఉన్నది, కింద అదే రకం 8 పోర్టులది. రెంటినీ ఒకే కేబుల్ కలుపుతది. పైన ఐపీ ఫోన్లు (నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచేవి) 10, కెమెరాలు 16, కంప్యూటర్లు 20. కింద రూటర్, పీబీఎక్స్ (ఫోన్లను కలిపే ఎక్స్ఛేంజ్), ఎన్‌వీఆర్ (కెమెరాల రికార్డర్), బ్యాకప్ పెట్టె. కంప్యూటర్లలో సగం ఫోన్ వెనక పోర్టుకే తగిలించి ఉన్నయి. సాయంత్రం 6కు బ్యాకప్ మొదలైతే చాలు, ఫోన్లో సగం మాటే వినబడుతది. ఫోన్లున్న పోర్టులకు ప్రయారిటీ 1 పెట్టిన. ఇంకా అధ్వాన్నమైంది. ఏం తప్పు చేసిన?

జవాబు (కాజీపేట):
1 అంటే మొదటి స్థానం అనుకున్నరు గదా, అక్కడే దెబ్బతిన్నరు. 802.1పీలో (ట్రాఫిక్‌కు ప్రాధాన్యం ఇచ్చే ప్రమాణం) 0 నుంచి 7 దాకా అంకెలుంటాయి, పెద్ద అంకెకే ప్రాధాన్యం. కానీ 1కి మాత్రం మినహాయింపు: అది 'వెనక పనులకు' కేటాయించినది, మామూలు ట్రాఫిక్ అయిన 0 కంటే కూడా కిందే. అంటే మాటను బ్యాకప్ కన్నా వెనక నిలబెట్టినట్టయింది. మాటకు 5 వాడతారు.

అట్లని పోర్టు మొత్తానికి 5 ఇస్తే ఇంకో చిక్కు. ఫోన్ వెనకున్న కంప్యూటర్‌కు కూడా అదే 5 దక్కుతది, దాని బ్యాకప్ కూడా మాటతో సమానంగా పరుగెత్తుతది. అందుకే పోర్టు ప్రయారిటీని 0కే వదిలేసి, వాయిస్ వీల్యాన్ (మాటకు విడిగా ఒక నెట్‌వర్క్) పెట్టండి. ఫోన్ డేటా ట్యాగుతో (ఏ వీల్యానో చెప్పే చీటీ) వస్తది, కంప్యూటర్ ట్యాగు లేకుండా వస్తది, స్విచ్ రెంటినీ విడదీస్తది. చాలా ఫోన్లు మాటకు డీఎస్‌సీపీ (ప్యాకెట్ మీద ఉండే ప్రాధాన్యం అంకె) 46 గుర్తు వాటంతటవే వేస్తాయి. స్విచ్‌లో ట్రస్ట్ (వచ్చిన గుర్తును నమ్మమనే సెట్టింగ్) పెట్టకపోతే కొన్ని మోడళ్లు ఆ గుర్తును చెరిపి 0 చేస్తాయి. ఫోన్ల పోర్టుల్లోనే కాదు, పీబీఎక్స్ పోర్టులో, రెండు స్విచ్‌లను కలిపే పోర్టుల్లో రెండు వైపులా ట్రస్ట్ ఉండాలె. ఎక్కువమంది మరిచేది ఆ కలిపే పోర్టునే.

జవాబు (కరీంనగర్):
అన్నీ సరే, ముందు ఇరుకు ఎక్కడుందో చూడాలె. లైను నిండి క్యూ కట్టినప్పుడే ప్రాధాన్యానికి పని. ఖాళీ రోడ్డు మీద అంబులెన్సుకు దారి వదిలేదేముంది? కెమెరాకు 4 ఎంబీపీఎస్ అనుకున్నా 16కు 64. గిగాబిట్‌లో అదో లెక్క కాదు. స్విచ్ పేజీలో రెండింటినీ కలిపే పోర్టు ఎంత వేగం చూపిస్తున్నదో చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
100 ఫుల్ అని చూపిస్తున్నది సార్. మిగతావన్నీ 1000.

జవాబు (కరీంనగర్):
దొరికింది. 64 కెమెరాలకే పోతే మిగిలేది 36, దాన్ని బ్యాకప్ మింగేస్తున్నది. గిగాబిట్‌కు కేబుల్‌లో నాలుగు జతలూ కావాలె. 100కు 1, 2, 3, 6 పిన్నులు చాలు. నీలం లేదా గోధుమ జతలో ఒక్క వైరు తెగినా చాలా స్విచ్‌లు చప్పుడు లేకుండా 100కి దిగిపోతాయి. రెండు కొసలూ కొత్తగా క్రింప్ చేసి (ప్లగ్ బిగించి), టెస్టర్‌తో 8 వైర్లూ చూడండి. ఇంకో అనుమానం: ఒకే కేబుల్‌ను చీల్చి రెండు జతలు స్విచ్‌కు, రెండు జతలు కెమెరాకు ఇచ్చారేమో. మన దగ్గర కెమెరాలు బిగించేటోళ్లు అట్ల చేస్తుంటరు.

ప్రశ్న అడిగినవారు:
అట్లనే చేసిన్రు సార్! కిందున్న కెమెరా ఒకటి ఆ కేబుల్ మీదనే నడుస్తున్నది. దానికి వేరే కేబుల్ లాగిస్త. ఇగ క్యూల సంగతి?

జవాబు (కాజీపేట):
స్విచ్‌లో నాలుగు క్యూలుంటే మామూలుగా 4, 5 ప్రయారిటీలు మూడో దానికి, 6, 7 నాలుగో దానికి (అన్నింటికన్నా పైది) పోతాయి. 5ను కూడా పై క్యూకు మార్చి, ఆ ఒక్కదానికే స్ట్రిక్ట్ ప్రయారిటీ పెట్టండి. డీఎస్‌సీపీతో నడిచే స్విచ్ అయితే 46 ఏ క్యూకు పోతున్నదో ఆ పట్టికలో కూడా చూడాలె. మిగతా మూడింటికి వాటాల పద్ధతి. అన్నింటికీ స్ట్రిక్ట్ పెడితే పైది ఖాళీ అయ్యేదాకా కిందవాటికి వంతే రాదు. మాటకు స్ట్రిక్ట్ ఇస్తే భయం లేదు: జీ.711 అనే మాట కోడింగ్‌లో ఒక కాల్‌కు ఒక్కో దిక్కుకు సుమారు 87 కేబీపీఎస్, పది కాల్స్ కలిపినా 1 ఎంబీపీఎస్ కాదు. కెమెరాలను మాత్రం ఆ క్యూలోకి రానివ్వకండి.

పోర్టుల్లో ఫ్లో కంట్రోల్ ఆపేయండి. అవతలి పెట్టె 'ఆగు' అంటే ఆ పోర్టులో మాటతో సహా అన్నీ ఆగుతాయి.

జవాబు (జనగామ):
బ్యాకప్‌కు కళ్లెం వేయాలంటే కంప్యూటర్ల పోర్టుల్లో ఇన్‌గ్రెస్ లిమిట్ (లోపలికొచ్చే వేగానికి హద్దు) పెట్టకండి. అది దాటిన ప్యాకెట్లను పారేస్తది. బర్స్ట్ (ఒక్కసారిగా వచ్చే గుంపుకు ఇచ్చే వెసులుబాటు) చిన్నగా ఉంటే 50 ఎంబీపీఎస్ పెట్టిన చోట 20 కూడా రాదు. బ్యాకప్ పెట్టె పోర్టులో ఎగ్రెస్ షేపింగ్ (బయటికి పోయే వేగాన్ని అదుపు చేసుడు) పెడితే క్యూలో ఆపి నిదానంగా వదులుతది. అసలు బ్యాకప్ టైమునే రాత్రి 11కు మారిస్తే సగం తలనొప్పి పోతది, దానికి పైసా ఖర్చు లేదు.

బయటి కాల్స్‌కు మాత్రం స్విచ్ ఏం చేయలేదు. అక్కడ ఇరుకు రూటర్ దగ్గర. అప్‌లోడ్‌ను అసలు వేగంలో 90 శాతానికి షేప్ చేస్తే క్యూ మీ రూటర్‌లో కడుతది, మీ చేతిలో ఉంటది.

ప్రశ్న అడిగినవారు:
1000 వచ్చింది, క్యూలు పెట్టిన. పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తదో చూసే పరీక్ష) బాగనే ఉన్నది. సరిపోతదా?

జవాబు (కాజీపేట):
మామూలు పింగ్ గుర్తు లేకుండా పోతది, మాట క్యూ సంగతి దానికి తెలియదు. లినక్స్ పింగ్‌లో టీఓఎస్ (ప్యాకెట్‌కు గుర్తు వేసే ఆప్షన్) విలువ 184 ఇచ్చి చూడండి, అది డీఎస్‌సీపీ 46తో సమానం. బ్యాకప్ నడుస్తుండగానే చూడాలె. జిట్టర్ (ప్యాకెట్ల ఆలస్యంలో తేడా) 30 మిల్లీసెకన్ల లోపు, ప్యాకెట్ల నష్టం 1 శాతం లోపు ఉంటే మాట తెగదు. పోర్టు కౌంటర్లలో అడుగు క్యూలో డ్రాప్స్ (పారేసిన ప్యాకెట్లు) కనబడితే కంగారుపడకండి, పై క్యూలో పడితేనే చూడాలె. ఆఖరుకు సేవ్ కాన్ఫిగ్ నొక్కుడు మరవకండి. చాలా స్విచ్‌లలో అప్లై ఒక్కటే నొక్కితే, కరెంటు పోయి వచ్చేసరికి పెట్టినవన్నీ పోతాయి.