పేరు కోసం ఇచ్చే విరాళాన్ని బడికి తీసుకోవచ్చా?

పరకాల దగ్గర మా ఊరి ప్రభుత్వ బడికి రెండు తరగతి గదులు కట్టిస్తానని, హైదరాబాద్‌లో స్థిరపడి బాగా సంపాదించిన మా ఊరి పెద్దమనిషి ఒకరు ముందుకు వచ్చారు. పునాది తీయకముందే ఆయన తండ్రి పేరు చెక్కిన నల్ల గ్రానైట్ పలక బడికి చేరడంతో, ఇదంతా పన్ను తప్పించుకోవడానికని కొందరు, సర్పంచ్ ఎన్నికల కోసమని మరికొందరు అంటున్నారు. పన్ను మాట నాకు సబబుగా తోచడం లేదు. విరాళాలకు ఆదాయపు పన్ను చట్టం కింద వచ్చే మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చినదానికే గాని, స్వయంగా కట్టించి ఇచ్చిన గదులకు వర్తించదు. వర్తించినా తగ్గేది కొంత పన్నే, మిగతాది దాత సొంత సొమ్మే. పేరు కోరికంటారా, 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు కూడా శాసనం వేయించాడు కాబట్టి, దాన్ని నేను తప్పుపట్టలేను.

నా భయమల్లా రేపు బడి కమిటీలో ఆయన మాటే చెల్లాలని పట్టుబడతారేమోనని. ఇలాంటి దాతలతో వ్యవహరించినవారు దయచేసి చెప్పండి: ఒప్పంద పత్రంలో ఏ షరతులు రాయించుకున్నారు, గదుల మరమ్మతు భారం ఎవరిపై పెట్టారు, దాత ఉద్దేశం తేలేదాకా ఆగడం పిల్లలకు నష్టమనిపించిందా?