ఫ్లై ఓజీని వదిలి వెళ్లడం ద్రోహమా? 2018 విజయం ఏ జట్టుది?

కోటిపల్లి రేవు:
అయిదుగురేసి తలపడే కంప్యూటర్ ఆట డోటా 2 ఆడే ఓజీ జట్టు చరిత్రను మన కుర్రాళ్లు, ఆ ఆటలో అతిపెద్ద పోటీ అయిన ది ఇంటర్నేషనల్‌ను అది గెలిచిన 2018 ఆగస్టు నుంచి మొదలుపెట్టి చెప్పుకోవడం నాకు చాలాకాలంగా బాధ కలిగిస్తోంది. ఆ జట్టు 2015లో పుట్టింది. హీరోస్ ఆఫ్ న్యూయర్త్ అనే మరో ఆట ఆడిన రోజుల నుంచి కలిసి తిరిగిన యోహాన్ సండ్‌స్టైన్ (నోటెయిల్), తాల్ ఐజిక్ (ఫ్లై) అనే ఇద్దరు స్నేహితులు దానికి పునాది వేశారు. ఎవరి ఆహ్వానమూ లేకుండా, ఏ జట్టైనా ఆడగల అర్హత పోటీలైన ఓపెన్ క్వాలిఫయర్ల నుంచి వచ్చి ఆ ఏడాదే ఫ్రాంక్‌ఫర్ట్ మేజర్ అనే పెద్ద పోటీ గెలిచారు. తరువాత మనీలా, బోస్టన్, చివరగా 2017 ఏప్రిల్‌లో కీవ్, మొత్తం నాలుగు మేజర్లు వారివే. అటువంటి జట్టును 2018 మే నెలాఖరులో ఫ్లై, మరో ఆటగాడు ఎస్‌ఫోర్ ఇద్దరూ వదిలి ఈవిల్ జీనియసెస్ అనే వేరే జట్టులో చేరిపోయారు. ది ఇంటర్నేషనల్ క్వాలిఫయర్లకు అప్పటికి నెల రోజులైనా వ్యవధి లేదు. దీన్ని ద్రోహమే అనాలి. ఆగస్టులో గెలిచింది పేరు మాత్రమే మిగిలిన వేరే జట్టు.

తణుకు గట్టు:
కోటిపల్లి రేవు గారికి నమస్కారం. మీరు చెప్పిన విజయాలతో నాకు పేచీ లేదు, మీరు తేల్చిన తీర్పుతోనే ఉంది. 2016లో ఇదే ఓజీ నుంచి మిరకిల్ అనే ఆటగాడు లిక్విడ్ జట్టుకు, క్రిట్ అనే ఆటగాడు ఈవిల్ జీనియసెస్‌కు వెళ్లారు. మిరకిల్ మరుసటి ఏడాది లిక్విడ్ తరఫున ది ఇంటర్నేషనల్ గెలిచాడు కూడా. వారిని మీరు ద్రోహులనడం లేదు. ఫ్లై ఒక్కడికే ఆ మాట అంటుకోవడానికి కారణం, అతడు వెళ్లాక ఓజీ గెలవడమే. 2018 పోటీ జరిగిన వాంకూవర్‌లో ఓజీ మొదటి పోటీలోనే ఓడి ఇంటిముఖం పట్టి ఉంటే, ఫ్లైది ముందుచూపని మెచ్చుకునేవాళ్లం. ఇక వ్యవధి సంగతి. మే నెలాఖరు నుంచి ఆగస్టు వరకు దాదాపు మూడు నెలలున్నాయి.

నర్సాపురం లేసు:
ఫ్లై వెళ్లకపోతే కొత్త ఆటగాడు టాప్సన్ ఓజీలోకి వచ్చేవాడే కాదు. నాకు ఈ చర్చ అక్కడితో ముగిసింది.

కోటిపల్లి రేవు:
మూడు నెలలు కాదు. ఆగస్టులో జరిగినది అసలు పోటీ. అక్కడికి చేరడానికి జూన్‌లో క్వాలిఫయర్లు ఆడాలి. నాలుగు మేజర్లు గెలిచిన జట్టు, ఊరూపేరూ లేని జట్లతో కలిసి ఓపెన్ క్వాలిఫయర్ల మొదటి మెట్టు నుంచి ఎక్కవలసి వచ్చింది. అంతకుముందు కోచ్‌గా పనిచేసిన సెబ్ ఆటగాడిగా కూర్చున్నాడు, విశ్రాంతిలో ఉన్న ఆనాను వెనక్కి పిలిచారు, పెద్ద వేదికల అనుభవం లేని టాప్సన్‌ను మిడ్‌లో, అంటే మధ్య దారిలో నిలబెట్టారు. దయచేసి తేదీ సరిదిద్దుకుని మాట్లాడండి.

తణుకు గట్టు:
తేదీ సరిదిద్దుకుంటాను, అభిప్రాయం మార్చుకోను. వేరే జట్టు అంటున్నారు కనుక అడుగుతున్నాను: 2018లో నోటెయిల్ ఉన్నాడు, జెరాక్స్ ఉన్నాడు, బోస్టన్, కీవ్ గెలిచిన ఆనా ఉన్నాడు. అయిదుగురిలో ముగ్గురు పాతవారే. పైగా 2015 నాటి అయిదుగురిలో కీవ్ నాటికి మిగిలింది నోటెయిల్, ఫ్లై ఇద్దరే. మీ లెక్క ప్రకారం ఓజీ 2016లోనే అంతరించి ఉండాలి.

ముక్తేశ్వరం:
ఎవరి జట్టు అయినా, 2018 ఫైనల్ నాలుగో ఆట మాత్రం మరచిపోలేను. ప్రత్యర్థి జట్టు పీఎస్‌జీ.ఎల్‌జీడీ 2–1తో ముందుంది, ఇంకొక్కటి గెలిస్తే అంతా ముగిసేది. సెబ్ యాక్స్ అనే పాత్రతో శత్రువుల మధ్యలోకి దూకి, కాల్ అనే దాని శక్తితో వారిని తనవైపు లాక్కుని కట్టిపడేసిన ఆ క్షణంలో మా గదిలో ఎవరమూ ఊపిరి తీసుకోలేదు. చివరకు 3–2. బహుమతి సుమారు 1.12 కోట్ల డాలర్లు.

గంగలకుర్రు:
కనుమ నాడు మా ప్రభను, అంటే వెదురు బొంగులతో కట్టి అలంకరించిన దేవుడి ప్రభను, భుజాలపై మోస్తూ కౌశిక కాలువ దాటించి తీర్థం జరిగే జగ్గన్నతోటకు తీసుకువెళతాం. దారి పొడవునా మోసేవారు మారుతూనే ఉంటారు, ప్రభ మాత్రం అదే. జట్టు కూడా అంతే కదా.

కోటిపల్లి రేవు:
గంగలకుర్రు వారు మంచి పోలిక తెచ్చారు, అయితే అది నా పక్షానే నిలుస్తుంది. మోసేవాడు మారేటప్పుడు, కొత్తవాడు కింద భుజం పెట్టాకే పాతవాడు తప్పుకుంటాడు. పీకల్లోతు కాలువ మధ్యలో ఎవరూ చెప్పకుండా భుజం తీయరు. ఫ్లై కాలువ మధ్యలోనే తీశాడు.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం కూడా చెబుతాను. మా అయిదుగురం రెండేళ్లపాటు ఒకే నెట్ సెంటర్‌లో ఆడాం. కాకినాడ పోటీకి తలా 500 రూపాయలు వేసుకుని ప్రవేశ రుసుము కట్టాం. వారం ముందు మా కెప్టెన్ హైదరాబాద్ జట్టులో చేరిపోయాడు. ఆ సాయంత్రం మేము నలుగురం వచ్చి లాగిన్ అయి కూర్చున్నాం. అయిదో కుర్చీ మీద అతడి హెడ్‌సెట్ ఉంది, చెవి దగ్గర చినిగిన చోట అతడే చుట్టిన నల్ల టేపుతో సహా. కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా ఆగిపోయేదాకా ఎదురుచూశాం. అతడు వెళ్లిపోయాడన్న సంగతి మాకు చెప్పింది నెట్ సెంటర్ యజమాని.

తణుకు గట్టు:
అంటే ఇంతసేపూ మీరు మాట్లాడుతున్నది ఫ్లై గురించి కాదన్నమాట. మీ కెప్టెన్ మీద కోపాన్ని, మీరు ఎన్నడూ చూడని ఒక మనిషి మీద మోపి, అతడి బతుకుతెరువు నిర్ణయాన్ని ద్రోహమంటున్నారు. ఆ మాట రాసేముందు అవతలి ఇంట్లో ఏముందో ఒక్కసారి ఆలోచించారా?

నేను అలా వెళ్లినవాడినే. మీ జట్టులోవాడిని కాదు, మరొక జట్టు. ఆ ఏడాది మా రొయ్యల చెరువుకు తెల్లమచ్చ తెగులు సోకింది. పట్టుబడికి నెల ఉందనగా సరుకంతా పోయింది. మేత కొట్టు బాకీ, కౌలు అలాగే మిగిలాయి. నెలకు 12,000 జీతంతో ఒక జట్టు నుంచి పిలుపు వచ్చింది, సాయంత్రంలోగా సమాధానం చెప్పాలన్నారు. స్నేహం కోసం ఆగిపోవడానికి అందరి ఇళ్లలోనూ ఒకే వెసులుబాటు ఉండదు. ఆగిపోయినవారు ఆ వెసులుబాటునే నీతిగా చూపి వెళ్లినవారిని నిలదీయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

నర్సాపురం లేసు:
ఇద్దరూ కాస్త శాంతించండి.

కోటిపల్లి రేవు:
శాంతంగానే రాస్తున్నాను. మీ రొయ్యల చెరువు సంగతి చదివి నిజంగా బాధపడ్డాను. వెళ్లడాన్ని నేను తప్పుపట్టడం లేదని ఇప్పుడు నాకే అర్థమవుతోంది. మిరకిల్‌పై నాకు కోపం లేకపోవడానికి కారణం కూడా అదే. 2019లో షాంఘై ఫైనల్‌లో అతడు లిక్విడ్ తరఫున ఓజీకి ఎదురుగా కూర్చున్నాడు. ఓజీ 3–1తో గెలిచి, ది ఇంటర్నేషనల్‌ను రెండుసార్లు గెలిచిన మొదటి జట్టు అయింది, అదీ అదే అయిదుగురితో. ఆ రోజు నేను ఇరువైపులా సంతోషించాను. నా అభ్యంతరం ఒక్కటే. పోయేవాడు ఎదుట నిలబడి చెప్పి పోవాలి. మీరు మీ నలుగురికీ చెప్పే వెళ్లారా?

తణుకు గట్టు:
లేదు. బస్సు ఎక్కాక ఒక మెసేజ్ పంపాను. ముందే చెబితే వారు ఆగమనేవారు, నేను ఆగిపోయేవాడిని.

గంగలకుర్రు:
తణుకు వారూ, ఆ తరువాత వారిని కలిశారా?

తణుకు గట్టు:
ఒకరిని, మీ జగ్గన్నతోట తీర్థంలోనే చూశాను. ప్రభ కింద ఉన్నాడు, రెండు చేతులూ బొంగు మీద ఉన్నాయి కనుక నన్ను చూసినా పలకరించే వీలు అతడికి లేదు. ప్రభ దించేదాకా ఆగి ఉండవలసింది. నేను ఆగలేదు.