ఒకే గదిలో సినిమా, పాట రెండూ కావాలి: ప్లాస్టరింగ్‌కి ముందు మీ అనుభవాలు చెప్పండి

పెన్నా_గట్టు (నెల్లూరు)
అందరికీ నమస్కారం. నెల్లూరులో ఇల్లు కట్టుకుంటున్నాం. పైన 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిని ఇంట్లోవాళ్లు నాకు వదిలేశారు. స్లాబు పడింది, ఇంకో రెండు వారాల్లో ప్లాస్టరింగ్ మొదలుపెడతానని మేస్త్రీ అంటున్నాడు, ఈలోపే పైపులు వేయించుకోవాలి.

నాన్నకి పద్యాలు, బాలు గారి పాటలు ప్రాణం, నాకూ అవే అలవాటయ్యాయి. పిల్లలకేమో సూళ్లూరుపేట వి ఎపిక్‌లో ఆ వంద అడుగులు దాటిన తెర, ఆ సౌండు చూసొచ్చినప్పటి నుంచి ఇంట్లో కూడా థియేటర్ కావాలి. టీవీ కాకుండా 6 లక్షలు అనుకున్నాను. ఒక షాపులో రిసీవరు (సినిమా శబ్దాన్ని విడదీసి స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె), ఏడు చిన్న స్పీకర్లు, ఒక సబ్ (బేస్ మాత్రమే మోగించే స్పీకరు) చూపించి ఇదే రెండు పనులూ చేస్తుందన్నారు. సినిమా సీను బాగానే ఉంది కానీ నేను తీసుకెళ్లిన పాట పెడితే గొంతు పల్చబడిపోయింది, పాడే మనిషి ఎదురుగా నిలబడినట్టు అనిపించలేదు. ఇంకో షాపులో అసలు రెండూ ఒకే గదిలో కుదరవు, రెండు సిస్టమ్‌లు రెండు గదుల్లో పెట్టుకోమన్నారు. నాకు ఉన్నది ఒక్క గది. చేసి చూసినవాళ్లు చెప్పండి, ఎలా?

ఒంగోలు_గిత్త
కుదురుతుంది తమ్ముడూ, నేను ఆరేళ్లుగా అలాగే వింటున్నాను. కీలకం ఒక్కటే, ముందు రెండు స్పీకర్లు ఇద్దరు యజమానుల కింద పని చేయాలి. పాటకి స్టీరియో ఆంప్ (ముందు రెండు స్పీకర్లకి పవరిచ్చే పెట్టె), సినిమాకి రిసీవరు, కానీ స్పీకర్ వైర్లు మాత్రం ఎప్పుడూ స్టీరియో ఆంప్‌కే బిగించి ఉంటాయి.

ఎలాగంటే, ఆ స్టీరియో ఆంప్ (ఇంటిగ్రేటెడ్ ఆంప్ అంటారు) కొనేటప్పుడు వెనక 'హోమ్ థియేటర్ బైపాస్' అనే ఇన్‌పుట్ ఉందో లేదో చూడు. కొన్ని కంపెనీలు దాన్ని 'మెయిన్ ఇన్' అంటాయి, కొన్ని 'పవర్ ఆంప్ ఇన్' అంటాయి. రిసీవరుకి ముందు ఎడమ, కుడి స్పీకర్ల ప్రీ అవుట్‌లు (వేరే ఆంప్‌కి సిగ్నల్ పంపే సాకెట్లు) ఉండాలి. అక్కడి నుంచి రెండు ఆర్‌సీఏ వైర్లు ఈ బైపాస్‌లోకి. సినిమా పెట్టినప్పుడు ఆంప్ వాల్యూమ్ నాబ్ పక్కకు తప్పుకుంటుంది, రిసీవరు రిమోటే అన్ని స్పీకర్లనీ నడుపుతుంది. పాట వినాలంటే రిసీవరు ఆన్ చేయక్కర్లేదు, సీడీ ప్లేయరో స్ట్రీమరో నేరుగా ఆంప్‌లోకి. ఇంకో లాభం, బరువైన ముందు స్పీకర్ల భారం రిసీవరు మీద పడదు, సెంటరుకీ వెనక వాటికీ దాని పవరు మిగులుతుంది.

జాగ్రత్త, ప్రీ అవుట్‌లు అన్ని రిసీవర్లకీ ఉండవు. తక్కువ ధర వాటిలో చాలాసార్లు సబ్‌కి మాత్రమే ఇస్తారు. డెనాన్ ఎక్స్3800హెచ్ లాంటి వాటిలో అన్నీ ఉంటాయి. పెట్టె వెనక వైపు ఫొటో చూడకుండా డబ్బు కట్టొద్దు.

డబ్బు సంగతి కూడా చెప్తా. నీ 6 లక్షల్లో సగం ముందు రెండు స్పీకర్లకీ వాటి ఆంప్‌కీ పెట్టు. సెంటరు స్పీకరు మాత్రం ముందు వాటి కంపెనీదే, అదే సిరీస్‌దే తీసుకో, లేకపోతే హీరో ఎడమ నుంచి కుడికి నడుస్తూ మాట్లాడితే మధ్యలో గొంతు మారిపోతుంది. వెనకవి మామూలువి చాలు. స్లాబు పడిపోయింది కాబట్టి అట్మాస్ (కప్పు నుంచి కూడా శబ్దం వచ్చే పద్ధతి) ఇప్పుడు ఆలోచించకు, మంచి 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్) ముందు.

కావలి_ప్యాసింజర్
గిత్త అన్న చెప్పిన పద్ధతి నాకు తెలుసు, రెండేళ్లు వాడాను కూడా, తర్వాత ఆంప్ అమ్మేసి ఒక్క రిసీవరుతోనే ఉంటున్నాను. కారణం చెప్తాను. రిసీవరులో ఆడిసీ, డిరాక్ లాంటి గది దిద్దుబాటు (గది వల్ల శబ్దంలో వచ్చే హెచ్చుతగ్గుల్ని సరిచేసే సాఫ్ట్‌వేర్) ఉంటుంది. పాటని ఇంటిగ్రేటెడ్‌లోకి నేరుగా ఇస్తే ఆ దిద్దుబాటు పాటకి అందదు. మా గదిలో ఒక స్వరం దగ్గర బేస్ బుస్సుమని ఉబ్బిపోయేది, మృదంగం తొప్పి దెబ్బలన్నీ ఒకే మోతలా వినిపించేవి. డిరాక్‌లో 300 హెర్ట్జ్ కింద మాత్రమే సరిచేసి పైనంతా ముట్టుకోకుండా వదిలేశాను, దెబ్బలు విడివిడిగా తేలాయి. షాపులో పాట పల్చగా ఉందంటే అది రిసీవరు తప్పు అని ఎందుకు అనుకోవాలి, ఆ చిన్న స్పీకర్లది కావచ్చు, వాటి క్రాసోవర్ (ఏ స్వరం కింద శబ్దాన్ని సబ్‌కి పంపాలో చెప్పే హద్దు) ఎక్కడ పెట్టారో ఎవరికి తెలుసు?

ఒంగోలు_గిత్త
చిన్న స్పీకర్ల మాట ఒప్పుకుంటా. కానీ నేను ఆంప్, రిసీవరు రెండూ పక్కపక్కన పెట్టి, అవే స్పీకర్లతో, మా ఆవిడ చేత వైర్లు మార్పించి విన్నాను. మా పాత స్పీకర్లు 85 డెసిబెల్ సెన్సిటివిటీవి (ఇచ్చిన పవరుకి ఎంత శబ్దం వస్తుందో చెప్పే అంకె), కరెంటు బాగా లాగుతాయి. కాస్త గట్టిగా పెడితే రిసీవరు ఊపిరి అందనట్టు అయ్యేది. 88 ఉన్నవాటికి అదే శబ్దానికి సగం పవరే చాలు, అలాంటివైతే తేడా తక్కువే ఉంటుందేమో. గది బాగుంటే దిద్దుబాటు అవసరం తగ్గుతుంది, కాబట్టి నా ఓటు గదికి, తర్వాత ఆంప్‌కి.

రొయ్యల_చెరువు (అల్లూరు వైపు)
బైపాస్ గురించి ఎవరూ చెప్పని ఒక మాట. ఆ ఇన్‌పుట్‌కి వాల్యూమ్ ఉండదు, వచ్చింది వచ్చినట్టు పూర్తి పవరుతో బయటికి పోతుంది. మా బావమరిది ఒక రోజు ఫోన్‌కి పెట్టే డాక్‌ని ఖాళీగా కనిపించిన సాకెట్‌లో గుచ్చాడు, అది బైపాస్. పాట నొక్కగానే ఇల్లు అదిరింది, ఒక ట్వీటరు (స్పీకరులో సన్నని స్వరాలు పలికే భాగం) అక్కడికక్కడే పోయింది. ఆ రోజు నుంచి ఆ సాకెట్ మీద ఎర్ర టేపు అంటించి ఉంచాను. ఆన్ చేసేటప్పుడు ముందు రిసీవరు, తర్వాత ఆంప్. ఆపేటప్పుడు ముందు ఆంప్. లేకపోతే స్పీకర్లలో 'ధబ్' మంటుంది.

మీకు సముద్రం దూరం కాబట్టి ఈ బాధ తక్కువ, కానీ మా వైపు ఉప్పుగాలికి స్పీకర్ వైరు చివర్లు పచ్చబడిపోతాయి. కుడి స్పీకరు అప్పుడప్పుడు ఆగిపోతుంటే ఆంప్ పోయిందని భయపడ్డాను, తీరా చూస్తే వైరు చివర చిలుము. చివరలు కత్తిరించి కొత్తగా ఒలిచి బనానా ప్లగ్గులు బిగించాను. ఏటా వానలు తగ్గాక, సంక్రాంతి ముందు, ఒకసారి అన్నీ విప్పి తుడుస్తాను. స్పీకర్ల పెట్టెలు ఎండీఎఫ్‌వి (చెక్క పీచు నొక్కి చేసిన పలక), నేలకి ఆనకుండా స్టాండ్ మీద పెట్టండి, చెద పడితే ఇక అంతే.

చీమకుర్తి_నలుపు
గది గురించి నేను చెప్తాను, నాలుగేళ్లు దాని మీదే తిప్పలు పడ్డాను.

గది ఏ స్వరాల దగ్గర మోగుతుందో తెలియాలంటే 565ని (శబ్దం సెకనుకి పోయే అడుగుల్లో సగం) గది కొలతతో, అంటే అడుగుల్లో, భాగించండి. మీ 18 అడుగులకి 31 హెర్ట్జ్, 12 అడుగులకి 47, 10 అడుగుల ఎత్తుకి 56. ఈ మూడు చోట్లా మీ గది తనంతట తాను మోగుతుంది. మూడూ వేరువేరుగా ఉన్నాయి, అది మీ అదృష్టం. మా గది 12 బై 12, రెండు గోడలూ ఒకే స్వరం దగ్గర కలిసి మోగి ప్రాణం తీసేవి, చివరికి ఒక గోడ పొడవునా పుస్తకాల అరలు కట్టించాల్సి వచ్చింది.

స్పీకర్లు 12 అడుగుల గోడ వైపు పెట్టండి. సోఫాని వెనక గోడకి ఆనించొద్దు, అక్కడ బేస్ అంతా పోగవుతుంది. సరిగ్గా గది మధ్యలో కూడా వద్దు, అక్కడ ఆ 31 హెర్ట్జ్ మాయమవుతుంది. వెనక గోడ నుంచి 6 అడుగులు, 7 అడుగుల మధ్య జరుపుతూ విని చూడండి. రెండు స్పీకర్లూ మీరూ కలిసి సమాన భుజాల త్రిభుజం కావాలి. అలా పెడితేనే గొంతు మధ్యలో నిలబడుతుంది, సెంటరు స్పీకరు మోగుతోందా అని అనుమానం వచ్చేంతగా. టీవీ గాజు కూడా శబ్దాన్ని తిప్పికొడుతుంది, స్పీకర్ల ముఖాలు టీవీ కంటే ఒక అడుగైనా ముందుకి రావాలి. నేను పాట వినేటప్పుడు టీవీ మీద దుప్పటి కప్పుతాను, తేడా స్పష్టంగా తెలుస్తుంది.

గోడలకి ఎక్కడ ప్యానెల్ పెట్టాలో తెలియాలంటే మీరు సోఫాలో కూర్చోండి, పిల్లాడు పక్క గోడ మీద అద్దం జరుపుతూ వెళ్లాలి, అద్దంలో స్పీకరు ఎక్కడ కనిపిస్తే అక్కడ. ప్యానెల్ మీరే చేయించుకోవచ్చు, చెక్క ఫ్రేము, లోపల 4 అంగుళాల రాక్‌వుల్ (రాతి పీచు), పైన కోరా గుడ్డ బిగించి కుట్టించాలి, పీచు బయటికి రాకూడదు. గోడకి ఆనించకుండా 2 అంగుళాల ఖాళీ వదలండి. గుడ్ల అట్టలు, పల్చటి ఫోమ్ మీద డబ్బు పెట్టొద్దు, బేస్‌కి అవి ఏమీ చేయవు, పక్కింటికి శబ్దం పోకుండా కూడా ఆపవు. నేల మీద గ్రానైట్ వేయిస్తుంటే స్పీకర్లకీ సోఫాకీ మధ్య దళసరి తివాచీ తప్పదు. నేను ఏలూరు ఉన్ని తివాచీ వేశాను. గది మూలల్లో మా ఊరి పరుపులు కుట్టే ఆయన చేత దూది దట్టించి కుట్టించిన దిండ్లు, ఒక్కోటి అడుగున్నర దళసరి, నేల నుంచి కప్పు దాకా నిలబెట్టాను. ఆ రోజు రాత్రి వీణ పెట్టుకుని విన్నాను, మంద్ర స్థాయి తీగ మీటితే ఆ నాదం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మొదటిసారి తెలిసింది. నాలుగేళ్లు ఆంప్‌లు మార్చినా రాని మార్పు అది.

రికార్డ్ ప్లేయరు ఉంటే చెప్పండి, మా ఊరి బ్లాక్ గెలాక్సీ రాయి ముక్క ఒకటి, కింద నాలుగు రబ్బరు ముక్కలు, అంతకంటే మంచి పీట దొరకదు. కటింగ్ చేసే చోట మిగిలిన ముక్కలు ఉంటాయి.

పెన్నా_గట్టు (నెల్లూరు)
అన్నా, ఇంత వివరంగా రాసినందుకు ఏం చెప్పాలో తెలియట్లేదు. ఒక సందేహం. రిసీవరు ఆపేసి పాట వింటే సబ్ కూడా ఆగిపోతుంది కదా?

కావలి_ప్యాసింజర్
ఆగిపోతుంది. రెండు దారులు ఉన్నాయి. ముందు స్పీకర్లు పెద్ద టవర్లైతే పాటకి సబ్ వదిలేయొచ్చు. లేదా హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న సబ్ కొనండి, రెల్ లాంటి కంపెనీలవి అలా ఉంటాయి. స్టీరియో ఆంప్ స్పీకర్ టెర్మినల్స్ నుంచి ఒక వైరు సబ్‌కి, రిసీవరు సబ్ అవుట్ నుంచి ఇంకో వైరు సబ్‌కి ఉన్న ఎల్ఎఫ్ఈ (సినిమా బేస్) సాకెట్‌లోకి, రెండూ ఒకేసారి ఉంచే వీలు ఉందో లేదో కొనేముందు అడగండి. రెండింటికీ వేరువేరు వాల్యూమ్ ఉంటే ఇంకా మంచిది, పాటకి కొంచెం, సినిమాకి ఎక్కువ. క్రాసోవర్ రిసీవరులో 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చూడండి. సబ్ ఎక్కడ పెట్టాలంటే, దాన్ని సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువున్న పాట పెట్టి, మీరు నేల మీద గోడల వెంబడి పాకుతూ వినండి, ఎక్కడ సమంగా వినిపిస్తే సబ్ అక్కడికి.

మార్కాపురం_పలక
నేను వైరింగ్ పని చేసే మనిషిని, పైపుల గురించి మాత్రమే చెప్తాను.

వెనక స్పీకర్లు మీరు కూర్చున్న చోటుకి పక్కగా, కొంచెం వెనక్కి, చెవి కంటే కాస్త ఎత్తులో వస్తాయి. రెండు పక్కలా అక్కడికి 1 అంగుళం పైపు. స్పీకర్ వైరు కోసం ఖరీదైనది అక్కర్లేదు, ఇళ్లకి వాడే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మీ గదికి సరిపోతుంది. టీవీ నుంచి రిసీవరు పెట్టే చోటుకి ఒకటిన్నర అంగుళం పైపు వేయండి, మూలల్లో ఎల్బో కాదు, వంపు పొడవుగా ఉన్న బెండు, లేకపోతే హెచ్‌డీఎంఐ తల దూరదు. 10 మీటర్లు దాటితే ఫైబర్ హెచ్‌డీఎంఐ, దానికి దిశ ఉంటుంది, ఏ తల టీవీకో చూసి లాగండి, తిప్పి లాగితే బొమ్మ రాదు, మళ్లీ అంతా పీకాలి.

కరెంటు. ఈ గదికి మెయిన్ బోర్డు నుంచి విడిగా ఒక లైను. ఎర్త్ గుంత బొగ్గు, ఉప్పు వేసి సరిగ్గా తీయించండి, ఎండాకాలంలో నీళ్లు పోస్తుండండి. స్పీకర్లలో 'హమ్' వస్తే చాలామంది మూడో పిన్ను పీకేస్తారు, దయచేసి అది చేయొద్దు, ప్రాణం మీదికొస్తుంది. ముందు సెట్ టాప్ బాక్స్‌కి వచ్చే డిష్ వైరు తీసి చూడండి, నేను చూసిన ఇళ్లలో ఎక్కువసార్లు హమ్ అక్కడి నుంచే. అప్పుడు ఆ వైరుకి ఐసోలేటర్ పెడితే పోతుంది. అన్ని పెట్టెలూ ఒకే బోర్డు నుంచి తీసుకోండి.

తుఫాను రోజుల్లో న్యూట్రల్ తెగితే 230 ఉండాల్సింది 400 దాకా పోతుంది. మా వీధిలో రెండు ఇళ్లల్లో టీవీలు, ఒకరి రిసీవరు కాలిపోయాయి. వోల్టేజ్ ఎక్కువైనా తక్కువైనా తానే ఆపేసే ప్రొటెక్టర్ మెయిన్‌లో పెట్టించండి. ఇన్వర్టరు ఉంటే ప్యూర్ సైన్ వేవ్‌దే.

రొయ్యల_చెరువు (అల్లూరు వైపు)
వేడి గురించి కూడా. రిసీవరుని తలుపులున్న అలమరాలో పెట్టొద్దు. మన రోహిణి ఎండలకి అది లోపల ఉడికిపోతుంది. పైన అర అడుగు ఖాళీ, వెనక వైపు తెరిచి ఉండాలి.

పెన్నా_గట్టు (నెల్లూరు)
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. పలక అన్న చెప్పినట్టే పైపులన్నీ వేయించాం, విడిగా లైను, కొత్త ఎర్త్ గుంత అయ్యాయి. గిత్త అన్న దారిలోనే పోతున్నాను, బైపాస్ ఉన్న ఆంప్, అన్ని ప్రీ అవుట్‌లు ఉన్న రిసీవరు, 5.1. స్పీకర్ల కోసం చెన్నై వెళ్లి రెండు చోట్ల నాన్నతో కలిసి విన్నాను. ఆయన కళ్లు మూసుకుని రెండు పాటలు పూర్తిగా విని, మూడో జత దగ్గర "వీటిల్లో ఊపిరి తీసుకునేది కూడా వినపడుతోంది రా" అన్నారు, అవే బుక్ చేశాను. రిసీవరు సంక్రాంతి తర్వాత కొంటాను, అప్పటిదాకా రెండు స్పీకర్లూ ఆంపూ మాత్రమే.

గోడలకి ప్లాస్టరింగ్ రేపటి నుంచి. ఇంకేమైనా మర్చిపోయానా?

మార్కాపురం_పలక
ప్రతి పైపులోనూ ఒక జీఐ తీగ లాగి రెండు చివరలూ బయటికి వదిలి ముడేయండి, రేపు వైరు లాగడానికి. పైపు మూతులకి గుడ్డ కుక్కండి, సిమెంటు పడకుండా. పైపులు ఎక్కడెక్కడ పోయాయో గోడ పక్కన టేపు పెట్టి ఈ రాత్రికే ఫొటోలు తీసుకోండి, ప్యానెళ్లు బిగించేటప్పుడు డ్రిల్లు వాటిలోకి దిగకూడదు.